దగ్గుల తాత పొరుగువాళ్ళు

నక్షత్రాల మీద పనిచేస్తానని చెబితే అందరూ ముందు నా కళ్ళ కింద చూస్తారు. రాత్రంతా మేలుకుని ఉంటానని వాళ్ళ లెక్క. మా టెలిస్కోపు అసలు భూమ్మీదే లేదు. ఎక్కడో పైన, చలిలో, తన మానాన తాను తిరుగుతూ ఉంటుంది. అది పంపిన బొమ్మలు మా ఆఫీసు కంప్యూటర్లలోకి వస్తాయి. మేం పొద్దున బస్సెక్కి వెళ్తాం, సాయంత్రం బస్సెక్కి వచ్చేస్తాం. గుమాస్తా ఉద్యోగానికీ మా ఉద్యోగానికీ పెద్ద తేడా లేదు, గుమాస్తాది పర్మనెంటు అన్న ఒక్క సంగతి తప్ప.

బావ విషయంలో ఆ ఒక్క సంగతే మా ఇంటి మీద వేలాడుతూ ఉండేది. బావంటే మా అక్క భర్త. అదే ఆఫీసు, నా పక్క బల్ల. అమ్మానాన్నలు పోయాక నన్ను తెచ్చి పెట్టుకున్నది అక్క. లెక్కలు నేర్పి, ముసలి నక్షత్రాల పిచ్చి అంటించింది బావ. ఏటేటా పొడిగించే ఉద్యోగంలో ఆయన జుట్టు నెరిసింది. ఆ ఎండాకాలం మా ఆఫీసులో ఒక పర్మనెంటు పోస్టు పడింది. పోటీలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ పని గురించి ఉపన్యాసం ఇవ్వాలి, అందులో ఒకర్ని తీసుకుంటారు. బావ వయసుకి అదే ఆఖరి అవకాశం. రాకపోతే ఆఫీసు వదిలి ఇంకో బతుకు చూసుకోవలసిందే. ఇంట్లో ఎవరం ఆ మాట పైకి అనలేదు గానీ అక్క ఆయన కోటు కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

అక్క కొత్త బట్టలు కుట్టదు. బిగుతైనవి వదులు చేస్తుంది, వదులైనవి బిగిస్తుంది. ముందు గదిలో మిషను, కిటికీ పక్కన బల్ల, బల్ల నిండా దారపు రీళ్ళు.

"మీ నక్షత్రాలేమో ముసలితనంలో చిక్కిపోతాయంటారు. ఈయనేమో ఏడాదికి రెండు వేళ్ళు పెరుగుతున్నాడు" అనేది నడుం కొలుస్తూ.

"నేనింకా ముసలివాణ్ణి కాలేదన్నమాట" అనేవాడు బావ, ఊపిరి బిగబట్టి.

"ఊపిరి వదలండి. ఉపన్యాసమంతా అలాగే ఇస్తారా?"

బావ పని చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. నక్షత్రం ముసలిదైతే ఉబ్బి ఎర్రబడుతుంది. తన పైపొరల్ని తానే పట్టి ఉంచుకోలేక వదిలేస్తూ ఉంటుంది. అలా వదిలినది దూరం పోయి చల్లబడి దుమ్మవుతుంది. ఆ దుమ్ము మామూలు వెలుగులో తెలియదు. నక్షత్రం వేడికి కాస్త వెచ్చబడి, పరారుణ కాంతిలో మాత్రం మెరుస్తుంది. ఒక నక్షత్రం నుంచి రావలసిన దానికంటే పరారుణ కాంతి ఎక్కువ వచ్చిందంటే దాని చుట్టూ దుమ్ముందని, దుమ్ముందంటే బరువు పోగొట్టుకుంటోందని లెక్క. ఆ 'ఎక్కువ' ఉందా లేదా అని కొలవడమే మా పని. వెచ్చగా ఉన్న ప్రతిదీ ఆ కాంతి ఇస్తుంది, అందుకే టెలిస్కోపు భూమి వెచ్చదనం తగలనంత దూరంలో ఉంటుంది.

బావ జీవితమంతా ఒకే నక్షత్రాల గుంపు మీద పనిచేశాడు. వేలకొద్దీ ఒకేసారి పుట్టి ఒకేచోట ముసలివవుతున్న గుంపు అది. పట్టికలో వాటికి బారెడేసి నంబర్లుంటాయి. బావకి నంబర్లు గుర్తుండవు కాబట్టి చుట్టాల పేర్లు పెట్టాడు. అన్నిటికంటే వయసు మళ్ళినది దగ్గుల తాత. ఉబ్బుతూ తగ్గుతూ, ఉబ్బినప్పుడల్లా దుమ్ము కక్కుతూ ఉండేది. తాత చుట్టుపక్కల మేనత్త, చిన్నత్త, తోటికోడళ్ళు, ఇంకా అలాంటి బంధుజనం. వీళ్ళు మరీ ముసలివాళ్ళు కారు, నడివయసు దాటినవాళ్ళు. తాతలాంటి వాళ్ళే దుమ్ము వదులుతారని లోకం అనుకునేది. కాదు, ఈ చుట్టాలు కూడా వదులుతున్నారని పాత టెలిస్కోపు బొమ్మల్లో బావ చూపించాడు. నక్షత్రం బరువు పోగొట్టుకోవడం చివర్లో కాదు, చాలా ముందునుంచే మొదలవుతుందన్నాడు. ఆయనకున్న పేరంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

ఆ ఎండాకాలం మొదట్లోనే కొత్త టెలిస్కోపు బొమ్మలు వచ్చాయి. దాని అద్దం పెద్దది. పాతదానిలో మసకగా కలిసిపోయినవన్నీ ఇందులో విడివిడిగా కనబడతాయి. బావ ఉపన్యాసం తయారీలో తలమునకలై ఉన్నాడు.

"మరదలా, ఈ కొత్తవాటిని నువ్వు కొలువు. కొత్త కంటికి కూడా అదే కనబడిందని ఆఖర్లో ఒక్క బొమ్మ చూపిస్తే చాలు, నోళ్ళు మూతపడతాయి" అన్నాడు.

"గంతలు కట్టుకునేనా?"

"కట్టుకోకపోతే నీ మాట నేనే నమ్మను."

గంతలంటే మా దగ్గరి పద్ధతి. బావే పెట్టాడు. నేను చేరిన కొత్తలో ఏ నక్షత్రం చూసినా దుమ్ము కనిపెట్టేసేదాన్ని. "నీ కళ్ళకేం రోగం లేదు, నీ ఆశే అడ్డం పడుతోంది" అని, అప్పటినుంచి కొలిచేవాళ్ళకి పేర్లు తెలియకూడదని నియమం పెట్టాడు. ఇంకొకరు కూచుని ఒక్కో నక్షత్రం దగ్గర బొమ్మని చిన్న ముక్కగా కోసి, అటూ ఇటూ తిప్పి, పేరు తీసేసి, మధ్యలో దుమ్ము లేదని తెలిసిన మామూలువి కూడా కలిపి ఇస్తారు. కొలతలన్నీ అయ్యాకే పేర్లు బయటికి వస్తాయి.

ఆ పని మా ఆఫీసులో జడ్జిగారిది. ఆయన జడ్జి కాదు, కంప్యూటర్లు చూసే మనిషి. ఏ విషయం మీదా అభిప్రాయం చెప్పరు కాబట్టి ఆ పేరు వచ్చింది. బయట వాన పడుతోందా అని అడిగితే కిటికీలోంచి చూసి "పడుతున్నట్టే ఉందండీ" అంటారు.

కొలవడం ముగించి ఆయన గదికి వెళ్ళాను. కొన్నిటిలో 'ఎక్కువ' స్పష్టంగా ఉంది. చాలావాటిలో లేదు. లేనివి జడ్జిగారు కలిపిన మామూలువి అయి ఉంటాయని హాయిగా ఉన్నాను. ఆయన పేర్లు తెరిచి తెర నా వైపు తిప్పారు. 'ఎక్కువ' ఉన్నవన్నీ తాతా, తాత ఈడువాళ్ళూ. లేనివాటిలో మేనత్త ఉంది. తోటికోడళ్ళిద్దరూ ఉన్నారు. చిన్నత్త ఉంది. బావ చుట్టాల్లో ఒక్కరికీ దుమ్ము లేదు.

"మీరేమైనా తారుమారు చేశారా?" అని అడిగాను.

"రెండుసార్లు సరిచూశానమ్మా."

"దీనికేం అంటారు?"

"పేర్లు చెప్పడం వరకే నా పని" అన్నారు జడ్జిగారు. పేర్లు మూసేస్తూ, ఆయన అలవాటుకి విరుద్ధంగా, "ఉపన్యాసం వచ్చేవారమే కదూ" అన్నారు.

ఆ సాయంత్రం బావకంటే ముందు బస్సు పట్టుకున్నాను. అక్క మిషను మీద ఉంది. కోటుకి లోపలి గుడ్డ వేస్తోంది. చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. అక్కకి నక్షత్రాలు అంతగా తెలియవు, నా మొహం తెలుసు. మిషను ఆపింది.

"అంటే ఇన్నాళ్ళూ ఆయన చెప్పింది తప్పా?"

"తప్పేమో. నా కొలత తప్పు కాకపోతే."

"నీదే తప్పై ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. కానీ అనిపించట్లేదు."

అక్క కోటుని ఒళ్ళోకి లాక్కుంది. "అయితే వచ్చేవారం దాకా నోరు కట్టుకో. ఉపన్యాసం అవనీ, ఉద్యోగం రానీ, తర్వాత తీరిగ్గా ఇద్దరూ కూచుని తేల్చుకోండి. వారం ఆగితే నక్షత్రాలేమన్నా పారిపోతాయా?"

"తెలిసి కూడా ఆయన్ని అక్కడ నిలబెట్టి, తప్పు చెప్పనిమ్మంటావా?"

"ఆయనకి తెలియదుగా. తెలియకుండా చెబితే అబద్ధమెలా అవుతుంది?"

"నాకు తెలుసుగా."

"నీకు తెలిసిందే నా ఖర్మ" అంది అక్క. గొంతు పెంచలేదు. "నిన్ను ఈ పనిలో పెట్టొద్దని మొదట్నుంచీ అన్నాను. బడిపంతులమ్మవై ఉంటే ఎంత బాగుండేది."

నాకు కోపం వచ్చింది. అక్క అన్నదాంట్లో సగం న్యాయం కనబడ్డందుకు ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ పోస్టు ఆయనకి రావాలని అక్కకంటే తక్కువేమీ నేను కోరుకోలేదు. కానీ కొత్త టెలిస్కోపు బొమ్మలు మా ఒక్కళ్ళ సొత్తు కాదు. ఇవాళ నేను కొలిచింది రేపు ఇంకెవరో కొలుస్తారు. పరాయివాళ్ళ నోట వినడం కంటే నా నోట వినడమే నయం అనుకున్నాను. ఇలా అనుకోవడం తేలిక. చెప్పడానికి మర్నాడు బస్టాపు దాకా నీళ్ళు నములుతూనే ఉన్నాను.

"బావా, చుట్టాల దగ్గర దుమ్ము లేదు."

ఆయన నడక ఆపలేదు. "ఎవరి దగ్గర?"

"ఎవరి దగ్గరా లేదు. చిన్నత్త దగ్గర కూడా."

బస్సు వచ్చింది. ఎక్కాం. దిగేముందు "మళ్ళీ కొలువు" అన్నాడు. మళ్ళీ కొలిచాను. వేరే పద్ధతిలో ఇంకోసారి కొలిచాను. ప్రతిసారీ అదే వచ్చింది, ప్రతిసారీ చెప్పాను. మూడోసారి తర్వాత ఆయన నాకంటే ముందు బస్సులో వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆఫీసులో పక్క బల్లలే అయినా మా మధ్య గోడ లేచింది. పిలిస్తే పలికేవాడు, అంతే. మరదలా అని మాత్రం పిలవలేదు. ఇంట్లో అక్క నాకేసి చూసే చూపులో 'నే చెప్పలా' అని రాసి ఉండేది. నేను చేసింది సరైనదేనని తెలిసినా ఆ వారం నాకు ఏ సుఖమూ ఇవ్వలేదు.

ఆదివారం పొద్దున బావ ముందు గదిలోకి వచ్చి, మిషను బల్ల మీది గుడ్డలు పక్కకి జరిపి, కంప్యూటరు పెట్టాడు.

"నేనే కొలుస్తాను. జడ్జిగారి దగ్గర ముక్కలు తెచ్చుకున్నాను" అన్నాడు. "పేర్లు ఎవరో ఒకరు దాచాలి. నువ్వు పనికిరావు, నీకు జవాబులు తెలుసు." అది నాతో. తర్వాత అక్కకేసి తిరిగాడు. "నువ్వు దాచు."

"నాకేం తెలుసండీ మీ గంతలూ గట్రా?"

"తెలియకపోవడమే కావాలి. అసలు పేరు తీసేసి నీకు తోచిన పేరు పెట్టు. ఏది ఏదో నీ ఒక్కదానికే తెలియాలి."

అక్క నా వంక చూసింది. ఎలా చెయ్యాలో చూపించి పక్కకి తప్పుకున్నాను. బావ గోడ వైపు తిరిగి కూచున్నాడు. అక్క చాలాసేపు ఆలోచించి, బల్ల మీది దారపు రీళ్ళు చూసుకుంటూ ఒక్కోదానికి ఒక్కో రంగు పేరు పెట్టి, ఏది ఏదో చీటీ మీద రాసుకుంది. ముదురు నీలం, లేత నీలం, గోధుమ, వంకాయ, ఇటుక. పని చేస్తున్నంతసేపూ సూది పళ్ళ మధ్య పట్టుకున్నట్టు పెదవులు బిగించే ఉంది.

"ఇటు తిరగండి" అంది.

బావ మొదలుపెట్టాడు. ఆయన కొలవడం నేను ఎన్నోసార్లు చూశాను. అంత నెమ్మదిగా కొలవడం ఎప్పుడూ చూడలేదు. ఒక్కోటి అయ్యాక పైకి చెప్పేవాడు.

"గోధుమ. ఎక్కువ ఉంది."

"అది దగ్గుల తాత" అంది అక్క.

"ఉండాలి. లేత నీలం, లేదు."

"మామూలుది. జడ్జిగారు కలిపింది."

"వంకాయ రంగు, లేదు."

అక్క చీటీ మీద వేలు పెట్టి చూసుకుంది. "మేనత్త."

బావ తలూపాడు. తర్వాతది తెరిచాడు. బయట ఎవరో గిరాకీ వచ్చి తలుపు తట్టారు. అక్క లేవలేదు, నేనే వెళ్ళి మధ్యాహ్నం రమ్మని పంపించేశాను. తిరిగొచ్చేసరికి బావ ముదురు నీలం మీద ఉన్నాడు. అది చాలాసేపు కొలిచాడు. ఒకసారి కొలిచి, చెరిపేసి, మళ్ళీ కొలిచాడు.

"ముదురు నీలం" అన్నాడు. "లేదు. బొత్తిగా లేదు."

అక్క తలెత్తలేదు. ఆ ముక్క ఎవరిదో నేను గుర్తుపట్టాను, ఆ పేరు అక్కకీ తెలుసు. పెళ్ళైన కొత్తలో ఆయన మొట్టమొదట దుమ్ము చూసింది ఆ నక్షత్రం దగ్గరే. ఆ రోజు ఇద్దరూ సినిమాకి వెళ్ళారట, దారంతా అదే చెప్పాడట. ఇప్పుడు అక్క ఇంకో పేరేదైనా చెబుతుందేమో అనిపించింది. చెప్పినా ఆ పూట ఆయనకి తెలిసేది కాదు. చెబితే బాగుండునని కూడా నాకు ఒక్క క్షణం అనిపించింది.

"అసలు పేరు?" అని అడిగాడు బావ.

"చిన్నత్తేనండీ" అంది అక్క.

బావ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మిగిలినవాటిని కొలవలేదు. ఎన్నో ఏళ్ళ కిందటి పాత బొమ్మలు తెరిచి, ఏవి ఎప్పుడు తీసినవో చూడడం మొదలుపెట్టాడు. నేను దగ్గరికి వెళ్తే కుర్చీ కాస్త జరిపాడు, కూచోమని. వారం రోజుల్లో అదే మొదటిసారి.

"ఇదిగో" అన్నాడు కాసేపటికి. "ఈ పెద్ద బొమ్మలో తాత మరీ వెలిగిపోయి మధ్యలో మాడిపోయాడు, కొలవడానికి వీల్లేదు. తాత వెలుగు తీసేస్తే గాని పక్కవాళ్ళు కనబడరు. అందుకని తాత కొలత వేరే చిన్న బొమ్మలోంచి తెచ్చుకున్నాను. అది ఇంకెప్పుడో తీసింది."

"తాత తగ్గి ఉన్నప్పుడు" అన్నాను. నాకు అప్పుడే అర్థమైంది.

"తగ్గి ఉన్నప్పుడు. ఈ బొమ్మ తీసిన రోజున ఉబ్బి ఉన్నాడు. తక్కువ తీసేశాను, మిగిలిందంతా చుట్టుపక్కల వాళ్ళ పద్దులో రాసేశాను."

"నాకు అర్థమయ్యేలా చెప్పండి" అంది అక్క.

"ముసలాయన దగ్గితే పక్కింటివాళ్ళకి రోగమొచ్చిందనుకున్నానే."

అక్కకి నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వి, నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుని, లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఏడుపు మాత్రమే వచ్చింది. బావ నా వీపు మీద ఒకటి వేశాడు. "నీ కొలత సరిగ్గా ఉంది మరదలా. నా లెక్కే తప్పింది."

ఉపన్యాసానికి అక్క కూడా వచ్చింది. ఎప్పుడూ మా ఆఫీసు గడప తొక్కని మనిషి, వెనక వరసలో నా పక్కన కూచుని భుజాల దగ్గర కోటు సరిగ్గా కూచుందో లేదో చూసుకుంటోంది. బావ లేచి, తాను ముందు పంపిన శీర్షిక వేరని, ఇప్పుడు చెప్పబోయేది వేరని మొదలుపెట్టాడు. పాత బొమ్మ చూపించాడు, కొత్త బొమ్మ చూపించాడు. తాను ఇన్నేళ్ళుగా చెబుతున్నది ఎందుకు తప్పో, గంతలు కట్టుకుని ఎవరు కనిపెట్టారో, ఎక్కడ పొరబడ్డాడో వరసగా చెప్పాడు. మామూలుగా క్లాసులో లెక్క చెప్పినట్టే చెప్పాడు.

ఎంపిక చేసేవాళ్ళలో పెద్దాయన మంచివాడే. బావని ఎరిగినవాడు. "ఇది చెప్పడానికి ఇంకో నెల ఆగి ఉండొచ్చు కదండీ" అన్నాడు. జాలిగానే అన్నాడు.

"ఆగొచ్చు" అన్నాడు బావ. "అప్పుడు మీరిచ్చిన కుర్చీలో కూచుని చెప్పాల్సి వచ్చేది."

పక్కన అక్క చెయ్యి నా చేతిని పట్టుకోబోయి, మధ్యలోనే వెనక్కి పోయింది.

పోస్టు ఇంకొకాయనకి వచ్చింది. అప్పుడే పుట్టిన నక్షత్రాల మీద పనిచేస్తాడు. నెమ్మదస్తుడు, పని బాగా వచ్చినవాడు, మనసారా తిట్టుకోవడానికి కూడా వీల్లేని మనిషి. బావ ఒక కాలేజీలో లెక్కలు చెప్పే పనిలో చేరాడు. సాయంత్రాలు కోటు మీద సుద్దపొడితో వచ్చేవాడు, అక్క వాకిట్లోనే దులిపి లోపలికి తీసుకెళ్ళేది. చుట్టాల సంగతి రాసిన వ్యాసంలో నా పేరు ముందు పెట్టి, తన పేరు తర్వాత పెట్టాడు. ఆఫీసులో నాకు ఇంకో మూడేళ్ళు పొడిగించారు. ఆ వార్త ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు దాచుకున్నాను.

అక్క నాతో మాటలు మానలేదు, తగ్గించింది. అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. తలుపు వేశావా, తిన్నావా, అంతకుమించి ఉండేది కాదు. దెబ్బలాడితే నేనూ దెబ్బలాడేదాన్ని. ఎండలు తగ్గుముఖం పట్టాక ఆఫీసు దగ్గర ఒక గది చూసుకున్నాను. చెబితే అక్క "నీ ఇష్టం" అంది. బావ పేపరు తిప్పాడు.

తర్వాతి ఆదివారం పొద్దున నేను పెట్టె సర్దుకుంటున్నాను. ముందు గదిలో బల్ల మీది గుడ్డలు జరుపుతున్న చప్పుడు వినబడింది. వెళ్ళి చూస్తే బావ కుర్చీ లాక్కుని కూచుని ఉన్నాడు. శుక్రవారం సాయంత్రం కొత్త గుంపు బొమ్మలు వచ్చాయని జడ్జిగారు ఆయనకి చెప్పారట. ఏ అభిప్రాయమూ లేకుండానే చెప్పి ఉంటారు.

"ఆదివారాలు నాకు సెలవేగా" అన్నాడు బావ. ఎవరూ ఏమీ అడగకుండానే.

నేను కంప్యూటరు తెచ్చి పెట్టాను. పేర్లు ఎవరు దాచాలో అడగడానికి నోరు రాలేదు. అక్క మిషను దగ్గర సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించి, ముడి వేసి, పళ్ళతో తెంపి, రీళ్ళ డబ్బా తీసుకుని మా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమే, ఈసారి ఎన్ని?"

"పోయినసారికి రెట్టింపు ఉన్నాయి."

"రంగులు చాలవు. గుండీల పేర్లు కూడా పెట్టాలి." కూచోబోతూ ఆగింది. "ముందు ఆ గదివాళ్ళకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పు. తర్వాతే బొమ్మలు."

ఫోన్ చేసి వచ్చేసరికి అక్క పేర్లు పెట్టడం పూర్తయింది. బావ గోడ వైపు నుంచి ఇటు తిరిగి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మొదటి బొమ్మ తెరిచాను. ఎర్రగా, నిండుగా ఉంది. ఇంత మంచి బొమ్మ ఎవరిదోనని అక్క దగ్గరున్న పేర్ల చీటీ కేసి మెడ చాచాను.

"చూడకు" అన్నాడు బావ. తెర దగ్గరికి వంగి, కొలవడం మొదలుపెట్టాడు. "చూసినా నాకు చెప్పకు."